కంటికి తెలిసిన ఆట, ఒంటబట్టిన ఆట: విశ్వవిద్యాలయ విద్యార్థులు ఫోను ద్వారా క్రీడలు నేర్చుకుంటున్న తీరు

ఉత్తర తెలంగాణలో డిగ్రీ, పీజీ చదివే విద్యార్థులను ఆటల గురించి ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, కాలేజీలో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ దగ్గర నేర్చుకున్నామని చెప్పేవారు తక్కువగానే కనిపిస్తారు. అయినా కబడ్డీలో బోనస్ గీత ఎప్పుడు పనికొస్తుందో, లెగ్ స్టంపు అవతల పడిన బంతికి ఎల్బీడబ్ల్యూ ఎందుకు ఇవ్వరో, షాట్‌పుట్ గుండును అరచేతిలో కాకుండా వేళ్ల మొదళ్ల మీద ఎందుకు నిలపాలో వారు తడుముకోకుండా చెప్పగలరు. ఈ జ్ఞానం వారికి తరగతి గదిలో రాలేదు. హాస్టల్ గదిలో రాత్రి చూసిన వీడియోల నుంచి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ముక్కల నుంచి, మ్యాచ్ నడుస్తుండగా మిత్రులతో చేసిన వాదనల నుంచి, స్కోరు యాప్‌లోని అంకెల నుంచి కొద్దికొద్దిగా పోగుపడింది. సిలబస్సు, హాజరు, పరీక్ష, పట్టా ఏవీ లేని ఈ చదువు నేడు విశ్వవిద్యాలయాల్లో జరిగే అధికారిక క్రీడాశిక్షణ కంటే ఎక్కువమందికి చేరుతోంది.

దీనిని కొందరు కాలక్షేపమని తీసిపారేస్తారు. మరికొందరు ఇక కోచ్‌ల అవసరమే ఉండదని ఉత్సాహపడతారు. నా దృష్టిలో ఈ రెండు అభిప్రాయాలకూ ఒకే పొరపాటు మూలం. ఆట నేర్చుకోవడం అనే మాట కింద మనం రెండు వేర్వేరు పనులను కలిపేస్తున్నాం. ఆటను అర్థం చేసుకోవడం, అంటే నియమాలు, వ్యూహాలు, ఎదుటివాడి ఎత్తుగడ కంటికి ఆనడం, ఒక పని. ఆటను ఒంటబట్టించుకోవడం మరొక పని. మొదటిదాన్ని ఫోను అద్భుతంగా నేర్పుతుంది, అదీ గతంలో ఎన్నడూ అందని వర్గాలకు అందిస్తూ నేర్పుతుంది. రెండవదాన్ని అది దాదాపు నేర్పలేదు. కానీ నేర్పినట్టు నమ్మిస్తుంది. చిక్కు అంతా ఇక్కడే ఉంది.

ముందుగా ఈ మార్పు ఎంత త్వరగా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత డేటా ధర ఒక్కసారిగా పడిపోయి, పల్లె నుంచి వచ్చిన విద్యార్థి చేతిలో కూడా గంటల తరబడి వీడియో చూడగల ఫోను నిలిచింది. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది నెలల్లోనే రీల్స్, షార్ట్స్ ఆ ఖాళీని నింపి, నిమిషం లోపు వీడియోను యువతకు ప్రధానమైన చూపుగా మార్చాయి. 2023లో ఐపీఎల్‌ను ఫోనులో ఉచితంగా, తెలుగు వ్యాఖ్యానంతో సహా చూసే వీలు కలిగింది. అంతకుముందు క్రీడాజ్ఞానం చాలావరకు ఇంగ్లిషు, హిందీ వ్యాఖ్యానాల్లోనూ, కొద్దిమంది చదివే పత్రికల్లోనూ ఉండేది. భూపాలపల్లి నుంచో, ఆసిఫాబాద్ నుంచో వచ్చి కాకతీయ విశ్వవిద్యాలయంలో చేరిన యువకుడికి ఫీల్డింగ్ అమరిక వెనుక ఉన్న ఆలోచనను తన భాషలో విడమరచి చెప్పే మనిషి మొదటిసారి దొరికింది ఇక్కడే. ఈ మేలును చిన్నచూపు చూడకూడదు.

నియమాల సంగతే తీసుకుందాం. గల్లీ క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ అనేదే ఉండేది కాదు, ఎందుకంటే దానిని తేల్చగల పరిజ్ఞానం, ఒప్పుకోగల నమ్మకం రెండూ ఎవరి దగ్గరా ఉండేవి కావు. టీవీలో బంతి గమనాన్ని గీసి చూపే హాక్ ఐ 2001లో వచ్చింది. ఆ తరువాత అంపైరు నిర్ణయాన్ని వీడియోతో సమీక్షించే డీఆర్ఎస్ పద్ధతి వచ్చి, ప్రతి అప్పీలునూ చిన్న పాఠంగా మార్చేసింది. బంతి ఎక్కడ పడింది, ప్యాడ్‌కు ఏ గీతలో తగిలింది, వికెట్లను తాకేదా అన్న మూడు ప్రశ్నలను అదే వరుసలో వందలసార్లు చూసిన విద్యార్థికి ఆ నియమం కంఠస్థం చేయకుండానే వచ్చేసింది. అంపైర్స్ కాల్ అన్న సూక్ష్మాన్ని కూడా, అంటే యంత్రం చెప్పే అంచనాలో కొంత అనిశ్చితి ఉంటుందనీ, ఆ మేరకు మైదానంలోని అంపైరు నిర్ణయానికే విలువ ఇస్తారనీ, గణితం చదవని విద్యార్థి సైతం తేలికగా వివరిస్తాడు.

కబడ్డీలో ఈ మార్పు ఇంకా లోతైనది, ఎందుకంటే ఇక్కడ ఒంటికి ఆట ముందే వచ్చి, నియమం వెనుక వచ్చింది. మన పల్లెల్లో చెడుగుడు ఆడుతూ పెరిగిన పిల్లలకు పట్టు, తప్పించుకోవడం, మట్టిలో జారడం చిన్ననాటి నుంచే తెలుసు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలై, తెలుగు టైటాన్స్ జట్టు తెర మీదికి వచ్చాక, అదే ఆటకు మరో ముఖం కనిపించింది. రెయిడ్‌కు 30 సెకన్లు. వరుసగా రెండు రెయిడ్లు ఖాళీగా పోతే మూడవదానిలో పాయింటు తేవాలి, లేదా రెయిడర్ అవుట్ కావాలి. ఎదుట ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్నప్పుడే బోనస్ గీతకు విలువ. ముగ్గురు లేదా అంతకంటే తక్కువమంది మిగిలినప్పుడు రెయిడర్‌ను పట్టుకుంటే అదనపు పాయింటు. ఈ నాలుగు నియమాలు కలిసి ఆటను బలప్రదర్శన నుంచి లెక్కగా మార్చాయి. ముగ్గురే మిగిలిన జట్టు నిస్సహాయంగా కనిపించినా, నిజానికి వారి పట్టుకు విలువ పెరిగిందని గ్రహించినవాడు రెయిడర్‌గా కూడా భిన్నంగా ఆలోచిస్తాడు. ఇంటర్ కాలేజియేట్ పోటీలకు వెళ్లే జట్లలో ఈ లెక్క తెలిసిన ఆటగాళ్లు నేడు ఎక్కువమంది ఉన్నారంటే, అది లీగ్ ప్రసారాలు, వాటి మీద తెలుగులో వచ్చిన విశ్లేషణ వీడియోల చలవే.

తెర నేర్పిన నియమం మైదానంలోని పాత అలవాటుతో ఢీకొన్న సందర్భాలూ ఉంటాయి. హాస్టల్ ఆవరణలో సాయంత్రం షటిల్ ఆడేటప్పుడు సర్వీసు గురించి తగాదా రానివారు అరుదు. నడుము కింద నుంచి కొట్టాలని సీనియర్లు అంటారు. వారు నేర్చుకున్న నియమం అదే. 2018 నుంచి ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య నేల నుంచి 1.15 మీటర్ల స్థిరమైన ఎత్తును తెచ్చింది. బ్యాట్ తాకే క్షణంలో షటిల్ పూర్తిగా ఆ ఎత్తు కింద ఉండాలి. ఈ సంగతి వీడియోలో చూసిన జూనియర్ దానిని ముందుకు తెస్తాడు. ఎత్తు కొలిచే పరికరం లేని చోట రెండు నియమాల్లో ఏది వాడాలన్నది వారు తమలో తామే తేల్చుకుంటారు. పొడగరికి ఒక నియమం, పొట్టివాడికి మరో నియమం లాభిస్తుందని ఈ వాదనలోనే బయటపడుతుంది. ఒక నియమం ఎందుకు పుట్టిందో, అది ఎవరికి న్యాయం చేస్తుందో ఆలోచించడం ఏ వ్యాయామ విద్య పాఠ్యాంశంలోనైనా ఉండదగిన చర్చే; ఇక్కడ అది ఎవరూ పెట్టకుండానే జరుగుతోంది.

ఇక శరీరం సంగతికి వద్దాం. చూడటానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరాన్ని మైఖేల్ కార్డాస్, ఎడ్ ఓ బ్రియన్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో సూటిగా చూపించారు. బల్ల మీది పాత్రలు కదలకుండా కింది గుడ్డను లాగేయడం, బోర్డుకు బాణాలు విసరడం వంటి పనుల వీడియోను కొందరికి ఒకసారి, మరికొందరికి ఇరవైసార్లు చూపించారు. ఎక్కువసార్లు చూసినవారు తాము బాగా చేయగలమని ఎక్కువగా నమ్మారు. చేసి చూపమన్నప్పుడు ఒకసారి చూసినవారి కంటే మెరుగ్గా చేయలేదు. వస్తువును చేతిలోకి తీసుకుని దాని బరువు, పట్టు తెలుసుకున్నప్పుడు ఆ అతివిశ్వాసం తగ్గిందని కూడా వారు గమనించారు. వీడియోలో కదలిక కనిపిస్తుంది. బరువు, పట్టు, కండరం బిగించాల్సిన క్షణం కనిపించవు. పదేపదే చూసినకొద్దీ కదలిక వరుస మనసులో సాఫీగా నడుస్తుంది, ఆ సాఫీతనాన్నే మనం చేతనైనతనంగా పొరపడతాం.

మన ప్రాంతంలో ఈ పొరపాటుకు అన్నిటికంటే ఎక్కువ మూల్యం చెల్లించేది పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారు. హనుమకొండలోని ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనైనా, కాకతీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనైనా, కరీంనగర్, నిజామాబాద్‌లలోనైనా తెల్లవారుజామున పరుగెత్తే యువతలో చాలామంది ఈవెంట్స్ కోసం, అంటే ఆ ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల కోసం వచ్చినవారే. 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 4 మీటర్లు లాంగ్ జంప్ చేయాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు వేయాలి. మహిళలకు 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్ జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. వీరిలో ఎక్కువమంది జీవితంలో అంతకుముందు గుండును పట్టుకున్నవారు కారు. కోచింగ్‌కు డబ్బు కట్టలేనివారికి యూట్యూబే గురువు.

ఆ వీడియోల నుంచి ఏమి వస్తుందో, ఏమి రాదో షాట్‌పుట్‌లో స్పష్టంగా చూడవచ్చు. వెతికితే మొదట దొరికేది ఒలింపిక్స్ వీరులు గిర్రున తిరిగి వేసే వీడియో. చూడటానికి అందంగా ఉంటుంది కాబట్టి కుర్రవాళ్లు దానినే అనుకరిస్తారు. కానీ ఆ తిరుగుడు ఏళ్ల తరబడి సాధన చేసినవారికి మాత్రమే లాభిస్తుంది. 6 మీటర్లు వేయవలసినవాడికి నిలుచున్నచోటు నుంచే కాలు, నడుము, భుజం వరుసగా కదిలితే చాలు. భౌతిక శాస్త్రం చదివినవారు 45 డిగ్రీల కోణంలో వేయాలని చూస్తారు. గుండు నేల మీద నుంచి కాక భుజం పై ఎత్తు నుంచి బయలుదేరుతుంది. పైగా మనిషి పైకి నెట్టేటప్పటి కంటే ముందుకు నెట్టేటప్పుడే ఎక్కువ వేగం ఇవ్వగలడు. అందుకే మంచి ఆటగాళ్ల కోణం తరచు 35 నుంచి 40 డిగ్రీల మధ్యనే ఉంటుంది. ఇంతవరకూ వీడియో చెప్పగలదు. మోచెయ్యి కిందికి జారి, గుండు మెడ దగ్గర నుంచి విడిపోయి, క్రికెట్ బంతిలా విసురుతున్నావన్న సంగతి మాత్రం ఎదురుగా నిలుచున్న మనిషే చెప్పాలి. "తమ్మీ, మోచెయ్యి కిందికి పడుతుంది సూడు, గుండును ఇసరొద్దు, నూకాలె" అని పక్కనున్న అన్న ఒక్కసారి భుజం పట్టుకుని చూపిస్తే, పది వీడియోలు చూసినా అందని సవరణ ఒక్క క్షణంలో అందుతుంది. ఆ సవరణ అందనివారికి మోచేతి నొప్పి, మణికట్టు నొప్పి ముందు వస్తాయి. దూరం తరువాత వస్తే వస్తుంది.

ఫోనుతో ఒలింపిక్ పతకం దాకా వెళ్లినవారు లేరా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. కెన్యాకు చెందిన జావెలిన్ వీరుడు జూలియస్ యెగో ఉదాహరణను అందరూ చెబుతారు. దూరపరుగుకు పేరుబడ్డ దేశంలో జావెలిన్ నేర్పేవారు దొరకక, అతడు యాన్ జెలెజ్నీ వంటివారి వీడియోలు యూట్యూబ్‌లో చూసి సాధన చేశాడు. 2015లో బీజింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 92.72 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు, మరుసటి ఏడాది రియోలో రజతం అందుకున్నాడు. ఈ కథను ఇక్కడితో ఆపేయడం వల్ల అపార్థం పుడుతుంది. యెగో ఆఫ్రికా స్థాయిలో గెలిచాక ఫిన్లాండ్‌లోని శిక్షణ కేంద్రానికి వెళ్లి, అక్కడ కోచ్ పర్యవేక్షణలో తన విసురును సరిచేసుకున్నాడు. వీడియోలు అతడిని గుర్తింపు దక్కేంత దూరం తీసుకెళ్లాయి. ప్రపంచ విజేతను చేసిన చివరి మీటర్లలో సరిదిద్దే మనిషి ఉన్నాడు. తెరకు, కోచ్‌కు మధ్య పోటీ లేదని, ఒకటి రెండవదాని దాకా తీసుకెళ్లే దారి అని ఆ కథను పూర్తిగా చదివితే తెలుస్తుంది.

తెర మీదే పూర్తిగా నేర్చుకోగల ఆట ఒకటి ఉంది. అది ఎందుకు అలా ఉందో గమనిస్తే మిగిలిన ఆటలకు ఏది కొరవడిందో అర్థమవుతుంది. చదరంగంలో తెర మీది బల్ల, చెక్క బల్ల ఒకటే. శరీరానికి నేర్పవలసింది పెద్దగా లేదు. స్టాక్‌ఫిష్ వంటి ఉచిత ఇంజిన్ ప్రతి ఎత్తునూ తూచి, ఎక్కడ తప్పు జరిగిందో క్షణంలో చెబుతుంది. లీచెస్ వంటి ఉచిత వేదికలో అర్ధరాత్రి కూడా సమవుజ్జీ దొరుకుతాడు. అంటే ఇక్కడ సరిదిద్దేవాడు యంత్రంలోనే ఉన్నాడు. 2003లో వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశి 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో జట్టు స్వర్ణంతో పాటు వ్యక్తిగత స్వర్ణం కూడా గెలిచి, ఆ ఏడాది డిసెంబరు జాబితాలో 2801 రేటింగుకు చేరాడు. అతడికీ కోచ్‌లు ఉన్నారు, ఉండక తప్పదు. కానీ మన ఊరి విద్యార్థి ఒకడు ఫోనులో చదరంగం నేర్చుకోవడం మొదలుపెడితే అతడికి అందే సవరణ ప్రపంచస్థాయి ఆటగాడికి అందే ఇంజిన్ సవరణే. కబడ్డీకి, వాలీబాల్‌కు, ఖోఖోకు ఇలాంటి ఇంజిన్ లేదు. ఆ లోటును మనుషులతో పూడ్చాలి.

మనుషులు దొరకని చోట ఫోనునే కొంతవరకు సరిదిద్దే సాధనంగా మార్చుకోవచ్చు. అందుకు చేయవలసింది దానిని తిప్పి పట్టుకోవడమే: ఇతరులను చూసే ఫోనుతో తమను తాము చిత్రీకరించుకోవడం. నేటి మామూలు ఫోన్లలో చాలావాటికి స్లో మోషన్ ఉంది. సెకనుకు 240 ఫ్రేముల్లో తీస్తే ఒక్క సెకను ఎనిమిది సెకన్లుగా సాగి కనిపిస్తుంది. లాంగ్ జంప్‌లో టేకాఫ్ పాదం బోర్డు గీతను ఎంత దాటి పడుతోందో కంటికి ఆనదు. ఫోనును పక్క నుంచి, నడుము ఎత్తులో, కదలకుండా నిలిపి తీస్తే స్పష్టంగా తెలుస్తుంది. పరుగు మొదలుపెట్టే గుర్తును ఒక జానెడు వెనక్కి జరిపితే ఫౌల్ తప్పుతుందన్న సవరణ అక్కడే దొరుకుతుంది. బౌలింగ్‌లో తుంటి ఒక దిక్కు, భుజాలు మరో దిక్కు చూస్తున్నాయా అన్నది వెనుక నుంచి తీసిన వీడియోలో కనిపిస్తుంది. ఈ మిశ్రమ పద్ధతి నడుము ఎముక మీద భారం పెంచుతుందని క్రీడావైద్యం చాలాకాలంగా చెబుతోంది. జస్‌ప్రీత్ బుమ్రా చేతిని అనుకరించే కుర్రవాళ్లు ఒకసారి తమ వీడియోను తీసి చూసుకోవడం మంచిది. ఆయన శరీర నిర్మాణం ఆయనది.

ఇందులోనూ జాగ్రత్త ఉండాలి. ప్రతి ప్రయత్నం తరువాత బయటి నుంచి సవరణ అందుతూ ఉంటే ఆ పూట ఆట బాగుపడుతుంది కానీ, సవరణ ఆగిపోయిన రోజు నిలవదని చలన నైపుణ్యాలపై పనిచేసిన పరిశోధకులు 1980ల నుంచే చెబుతున్నారు. శరీరం తన లోపలి సంకేతాలను వినడం నేర్చుకోకుండా బయటి మాట మీద ఆధారపడుతుంది. అందుకే ప్రతి జంప్‌నూ తీసి చూసుకునేకంటే, నాలుగైదు ప్రయత్నాలు చేసి, ఏమి జరిగి ఉంటుందో ముందు తామే ఊహించి, ఆ తరువాత వీడియోతో పోల్చుకోవడం ఎక్కువ నిలిచే పద్ధతి. పరుగులో కొలత విషయమూ ఇంతే. 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలంటే 400 మీటర్ల ట్రాక్‌పై ఒక్కో రౌండుకు సుమారు 1 నిమిషం 49 సెకన్లు పడాలి. మొదటి రౌండును ఉత్సాహంగా 80 సెకన్లలో ముగించి మూడవ రౌండులో నడకకు దిగినవాడికి ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం సమస్య తీరుతుంది. దీనికి ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. జీపీఎస్‌తో దూరం కొలిచే యాప్‌లు ట్రాక్ వంపుల దగ్గర కొన్ని మీటర్లు తప్పు చూపుతాయి కాబట్టి, ట్రాక్ ఉన్నచోట గీతనే నమ్మాలి.

ఈ సాధనలన్నీ ఒంటరిగా జరిగేవి కావు. ఫోను మీద నేర్చుకోవడం అనగానే గదిలో ఒంటరిగా కూర్చున్న విద్యార్థి మన కళ్లకు కడతాడు. హాస్టళ్లలో వాస్తవం వేరు. నలుగురు ఒక తెర చుట్టూ చేరి చూస్తారు, ఆపి వెనక్కి తిప్పుతారు, కాదని వాదిస్తారు. రేపటి మ్యాచ్‌కు ఎవరు వస్తున్నారో గ్రూపులో తేలుతుంది. క్రిక్‌హీరోస్ వంటి యాప్‌లో స్థానిక టోర్నమెంటు స్కోరు బంతిబంతికీ నమోదవుతుంది. స్కోరు రాయడానికి కూర్చున్న కుర్రవాడు ఆడేవాడి కంటే ఎక్కువ నేర్చుకుంటాడని నా అభిప్రాయం, ఎందుకంటే లెగ్ బైకీ బైకీ తేడా తెలియకుండా ఒక్క ఓవరు కూడా ముందుకు పోదు. నిట్ వరంగల్ వంటి చోట దేశంలోని అన్ని రాష్ట్రాల విద్యార్థులు కలిసి ఉండటం వల్ల, కేరళ నుంచి వచ్చినవాడి ఫుట్‌బాల్ చూపు, హర్యానా నుంచి వచ్చినవాడి కబడ్డీ పట్టు మనవాళ్లకు చేరతాయి. తెర అందించిన ముక్కలను మనుషుల మధ్య జరిగే ఈ మాటలే జ్ఞానంగా కలుపుతాయి.

ఈ చదువులో వక్రతలు కూడా ఉన్నాయి, వాటిని దాచనక్కరలేదు. మొదటిది, చిన్న వీడియోలు ఆట ఫలితాన్ని చూపి కారణాన్ని దాచేస్తాయి. సిక్సర్ కనిపిస్తుంది, దానికి ముందు బౌలరును అలసిపోయేలా చేసిన ఆరు ఓవర్ల ఓపిక కనిపించదు. 2021 సెప్టెంబరులో హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు, హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి 2002 నాటి జాతీయ రికార్డును చెరిపివేసింది. ఆ పరుగు నుంచి నేర్చుకోదగింది చివరి గీత దగ్గర లేదు. మధ్య రౌండ్లలో వేగం సడలనివ్వకుండా నిలిపిన తీరులో ఉంది. ఏ రీల్‌లోనూ ఆ భాగం ఉండదు. చేతికందే దూరంలో పోటీ జరిగితే వెళ్లి, వార్మప్ మొదలుకొని చివరిదాకా కూర్చుని చూడటానికి ఇప్పటికీ ప్రత్యామ్నాయం లేదు.

రెండవది డబ్బు. నిజమైన ఆటగాళ్లతో ఊహాజట్టు కట్టి ఆడే ఫాంటసీ ఆటల వల్ల విద్యార్థులకు ఆటగాళ్ల గణాంకాలు బాగా తెలిశాయన్నది నిజమే. కానీ ఒక ఆటగాడి సగటు తెలియడం, అతడి ఆట తెలియడం ఒకటి కావు. పైగా ఆ జ్ఞానం నష్టం, అప్పు అనే రూపంలో ఫీజు వసూలు చేసింది. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతటా అలాంటి ఆటలను నిషేధించింది. అయినా దొంగచాటు బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలు క్రీడావిశ్లేషణ ముసుగులో వస్తూనే ఉన్నాయి. "పక్కా టిప్" అని పిలిచే ఏ ఛానల్ అయినా ఆట నేర్పేది కాదని విద్యార్థి గట్టిగా అనుకోవాలి.

మూడవది మందులు, పౌడర్లు. జిమ్ వీడియోలు చూసి ఏదో డబ్బా కొనే విద్యార్థి, రేపు అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఎంపికైతే డోపింగ్ పరీక్ష పరిధిలోకి రావచ్చు. నిషిద్ధ పదార్థాల జాబితా ఏటా జనవరి 1 నుంచి కొత్తగా అమలవుతుంది. మామూలు మందులో నిషిద్ధ పదార్థం ఉందో లేదో చూసుకోవడానికి జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ఒక యాప్‌ను కూడా ఇచ్చింది. తెలియక తీసుకున్నానన్న సమాధానం ఆటగాడిని పూర్తిగా కాపాడదు.

విద్యార్థినుల సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే వారికి ఫోను ఇచ్చే మేలు, పెట్టే అడ్డంకి రెండూ ఎక్కువే. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో వరుసగా ప్రపంచ బాక్సింగ్ విజేత అయ్యింది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 మేలో కోబెలో 400 మీటర్ల టీ20 విభాగాన్ని 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పి, ఆ ఏడాదే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి పారా అథ్లెటిక్స్‌లో టీ20 అనే విభాగం ఉందనీ, దానికి పోటీలు, కొలతలు ఉన్నాయనీ మన జిల్లాలో చాలామంది మొదటిసారి తెలుసుకున్నది ఆ పరుగు వీడియోల వల్లే. మా ఊరి పిల్ల అన్న చూపుతో మొదలై, టీ20 అంటే ఏమిటన్న ప్రశ్న దాకా వెళ్లిన ఆ ఆసక్తి నిజమైన చదువు. మరోవైపు హాస్టల్ సమయాలు, చీకటి మైదానాలు, చుట్టూ నిలబడి చూసేవారి చూపులు కలిసి చాలామంది అమ్మాయిలకు ఆటను గది గోడల మధ్య వ్యాయామ వీడియోలకే పరిమితం చేస్తున్నాయి. తమను తాము చిత్రీకరించుకుని సరిచేసుకునే పద్ధతిని వారికి సూచించడం కూడా సులువు కాదు. ఆ వీడియో ఎవరి చేతికి చేరుతుందోనన్న భయం న్యాయమైనది. ఈ భయాన్ని విద్యార్థినుల సర్దుబాటుకు వదిలేయడం తగదు. మైదానంలో ఎవరు ఎవరిని చిత్రీకరించవచ్చు, తీసింది ఎప్పుడు చెరిపివేయాలి అన్న రాతపూర్వక నియమం పెట్టడం కాలేజీ బాధ్యత.

ఈ అంశంలో విశ్వవిద్యాలయాలు చేయగలిగినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వేల మంది విద్యార్థులున్న ప్రాంగణంలో ఒకరిద్దరు పీడీలు అందరికీ మొదటి పాఠం చెప్పలేరు. ఆ మొదటి పాఠాన్ని ఫోను ఎలాగూ చెబుతోంది. వారి విలువైన సమయం సరిదిద్దడానికి మిగలాలి. వారానికి ఒక సాయంత్రం మైదానంలో నిలబడి, ఎవరైనా వచ్చి తమ వీడియో చూపించి సవరణ అడిగే వీలు కల్పిస్తే, జట్టుకు ఎంపిక కాని విద్యార్థికి కూడా ఒక కోచ్ కన్ను దొరుకుతుంది. కాకతీయ, శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల పరిధిలో వ్యాయామ విద్య కోర్సులైన బీపీఎడ్, ఎంపీఎడ్ చదివేవారికి బోధన సాధన ఎలాగూ తప్పనిసరి కాబట్టి, ఆ సాధనలో కొంత భాగాన్ని ఇటువైపు మళ్లించవచ్చు. క్రికెట్‌కు తెలుగులో కొరత లేదు. ఖోఖోలో స్తంభం దగ్గర తిరిగే అడుగుకు, వాలీబాల్‌లో లిబెరో (వెనుక వరుసలో రక్షణ చూసే ఆటగాడు) నిలబడే చోటుకు, ఈవెంట్స్‌కు వెళ్లేవారి నిలువు షాట్‌పుట్‌కు మాత్రం నెమ్మదిగా, కోణం మార్చి చూపుతూ, చేసే తప్పులను కూడా చూపించే తెలుగు వీడియోలు వెతికినా తక్కువే దొరుకుతాయి. వాటిని తీయడానికి ఒక ఫోను, ఒక స్టాండు, మైదానంలో ఒక ఉదయం, చేసి చూపేందుకు సిద్ధంగా ఉన్న ఇద్దరు విద్యార్థులు సరిపోతారు.